ట్యాంక్‌లో నైట్రాక్స్ ఉన్నా విమానం మర్నాడే

మధ్యాహ్నం మూడింటికి చివరి డైవ్ ముగించి పడవెక్కారు. సాయంత్రం ఫెర్రీలో హేవ్‌లాక్ నుంచి పోర్ట్‌బ్లెయిర్, రాత్రి అక్కడే నిద్ర, పొద్దున ఏడింటికి ఫ్లైట్. మధ్యలో ఒక రాత్రి గడిచింది కాబట్టి రోజంతా ఆగినట్టే అనిపిస్తుంది. లెక్కపెట్టి చూస్తే పదహారు గంటలే. వరసగా రెండు మూడు రోజులు డైవ్ చేసినవాళ్లు ఆగాల్సింది కనీసం 18 గంటలు. ఆ సంగతి గుర్తుచేస్తే వచ్చే జవాబు చాలాసార్లు ఒకటే: "నైట్రాక్స్ మీదే కదా చేశాం, నైట్రోజన్ తక్కువే ఎక్కుంటుంది, పర్లేదు."

ఆ "పర్లేదు" గురించే ఈ వ్యాసం. అండమాన్‌లోనో మాల్దీవుల్లోనో ఇన్‌స్ట్రక్టర్లుగా, డైవ్‌మాస్టర్లుగా పనిచేస్తూ సెలవు దొరగ్గానే ఇంటికి పరుగెత్తే మనవాళ్లకి ఇది ముఖ్యం. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ, ఉన్న నాలుగు సెలవుల్ని ఒక్క డైవ్ కూడా వదులుకోకుండా సర్దుకోవాలని చూసేవాళ్లకీ అంతే ముఖ్యం. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. నైట్రాక్స్ (ఆక్సిజన్ పెంచి నైట్రోజన్ తగ్గించిన గాలి) వల్ల వచ్చే లాభాన్ని ఒంట్లోనే ఉంచుకోండి, విమానం టైము ముందుకు జరపడానికి ఖర్చుపెట్టకండి.

ముందు నియమం. 2002లో అమెరికాలోని డర్హమ్‌లో డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ నిపుణులందర్నీ కూర్చోబెట్టి, సరదా డైవింగ్ తర్వాత విమానం ఎక్కడం మీద ఒక ఒప్పందానికి తెచ్చింది. నో-డెకో లిమిట్ లోపల, అంటే పైకొచ్చేటప్పుడు తప్పనిసరిగా ఆగాల్సిన అవసరం రాని హద్దులో, ఒకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు ఆగాలి. ఒకే రోజు ఒకటికి మించి డైవ్‌లు చేసినా, వరసగా కొన్ని రోజులు చేసినా కనీసం 18 గంటలు. డికంప్రెషన్ స్టాప్‌లు తప్పనిసరైన డైవ్ చేస్తే 18 గంటల కన్నా బాగా ఎక్కువ. ఈ చివరి రకానికి శిక్షణ సంస్థలు మామూలుగా 24 గంటలు చెబుతాయి. బ్రిటన్‌లోని సబ్ ఆక్వా క్లబ్ మాత్రం ఈ తేడాలేవీ పెట్టుకోకుండా 24 గంటలు ఆగమంటుంది. ఇవన్నీ "కనీసం" అన్న మాటతో మొదలయ్యే అంకెలు. ఒంట్లో ఏ లక్షణమూ లేనివాళ్లకే ఇవి వర్తిస్తాయి. నొప్పో తిమ్మిరో ఉన్నవాళ్లకి ఈ గంటల లెక్కే లేదు, వాళ్లు విమానం ఎక్కకూడదు.

ఈ అంకెలు ఎక్కడివో తెలిస్తే వాటి విలువ అర్థమవుతుంది. 1990లలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో మనుషుల్ని పీడన గదిలో కూర్చోబెట్టి "డైవ్" చేయించారు. కొన్ని గంటలు ఆగాక అదే గదిలో పీడనం తగ్గించి, 8,000 అడుగుల ఎత్తులో నాలుగు గంటల విమాన ప్రయాణం చేసినట్టు ఉంచారు. మొత్తం 802 పరీక్షల్లో 40 సార్లు బెండ్స్ (ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టి వచ్చే జబ్బు) కనిపించింది. ఎక్కువసేపు ఆగినకొద్దీ ప్రమాదం తగ్గుతూ వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ విరామం 17 గంటలు. అంతసేపు ఆగిన 52 పరీక్షల్లో ఒక్క కేసూ రాలేదు. 18 గంటల మాటకి ఆధారం ఇదే.

ఈ పరీక్షల్లో రెండు సంగతులు నాకు ఎప్పుడూ గుర్తుంటాయి. ఒకటి, అందులో పాల్గొన్నవాళ్లు పొడి గదిలో, కదలకుండా, విశ్రాంతిగా ఉన్నారు. మనం చల్లటి నీళ్లలో ప్రవాహానికి ఎదురు ఈది, ట్యాంకుతో నిచ్చెనెక్కి, ఎండలో నీళ్లు తాగకుండా కూర్చుని, తడి గేర్ మోసుకుంటూ జెట్టీ మీద నడుస్తాం. రెండు, వాళ్లు పీల్చింది మామూలు గాలి. నైట్రాక్స్ పీల్చి త్వరగా విమానం ఎక్కొచ్చని ఆ పరీక్షలు ఎక్కడా తేల్చలేదు. అందుకే నైట్రాక్స్ డైవ్‌లకీ అవే 12, 18 గంటలు పాటించమంటారు.

మరి లెక్క ప్రకారం నైట్రోజన్ తక్కువే కదా అంటే, తక్కువే. గాలిలో 79 శాతం నైట్రోజన్ ఉంటే, నైట్రాక్స్ 32లో 68 శాతమే. 30 మీటర్ల లోతులో నైట్రాక్స్ 32 పీలిస్తే నైట్రోజన్ విషయంలో ఒంటికి సుమారు 24.4 మీటర్ల దగ్గర గాలి పీల్చినట్టే. అది నిజమైన లాభమే. కానీ ఆ లాభాన్ని మనం ఏం చేస్తున్నామో చూడండి. ఎక్కువమంది వాడే ఒక పట్టికలో 30 మీటర్ల దగ్గర గాలితో నో-డెకో లిమిట్ 20 నిమిషాలు, 25 మీటర్ల వరసలో 29 నిమిషాలు. నైట్రాక్స్ చేతికి రాగానే మనం 30 మీటర్ల దగ్గర ఆ 29 నిమిషాలూ వాడేసుకుంటాం. నైట్రాక్స్ కొనేదే అందుకు. అలా వాడుకున్నాక పైకొచ్చిన మనిషి ఒంట్లో నైట్రోజన్, 25 మీటర్ల దగ్గర గాలితో లిమిట్ దాకా ఉండి వచ్చినవాడి ఒంట్లో ఉన్నంతే ఉంటుంది. తొమ్మిది నిమిషాల చేపల్ని చూసేశాం. ఆ తొమ్మిది నిమిషాల్నే ఇంకోసారి విమానం దగ్గర మినహాయింపుగా అడిగితే కుదరదు.

మరో కారణం ఒంట్లో నిదానంగా నిండే భాగాల్లో ఉంది. మినప్పప్పు రెండు మూడు గంటల్లో నానుతుంది, శనగలకి రాత్రంతా పడుతుంది. ఒంట్లో కణజాలాలకీ నైట్రోజన్‌తో అలాంటి తేడానే ఉంది. రక్తం, మెదడు లాంటివి నిమిషాల్లో నిండి నిమిషాల్లో ఖాళీ అవుతాయి. కొవ్వు, కీళ్ల చుట్టూ రక్తం తక్కువగా పారే చోట్లు గంటల తరబడి నిండుతాయి, అంతే నిదానంగా ఖాళీ అవుతాయి. డైవ్ కంప్యూటర్లలో విరివిగా వాడే బ్యూల్‌మన్ లెక్కలో అన్నిటికన్నా నిదానమైన విభాగం సగం ఖాళీ కావడానికే 635 నిమిషాలు, అంటే పదిన్నర గంటలు దాటి పడుతుంది. నాలుగు రోజులు రోజుకి మూడేసి డైవ్‌లు చేసినవాడిలో ఈ నిదానపు విభాగాలే నిండి ఉంటాయి. విమానం దగ్గర ఇబ్బందిపెట్టేవీ ఎక్కువగా అవే. నైట్రాక్స్ వాటిని కాస్త తక్కువ నింపుతుంది, ఖాళీ అయ్యే వేగం మాత్రం గాలి పీల్చినవాడిలో ఉన్నట్టే ఉంటుంది.

విమానంలో జరిగేదేమిటంటే, క్యాబిన్‌లో పీడనం నేలమీద ఉన్నంత ఉండదు. మామూలు జెట్ విమానాల్లో అది గరిష్ఠంగా 8,000 అడుగుల ఎత్తుకి సమానంగా ఉంటుంది, అంటే సముద్రమట్టం మీది పీడనంలో నాలుగోవంతు పోతుంది. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 లాంటి కొత్తవాటిలో 6,000 అడుగుల దగ్గరే ఆపుతారు. కొంత నయమే అయినా, ఏ విమానం వస్తుందో చూసుకుని గంటలు తగ్గించుకునేంత తేడా అది కాదు. నేలమీద బుద్ధిగా కరిగి ఉన్న నైట్రోజన్ ఆ పీడనంలో బుడగలు కడుతుంది. అప్పటికే ఉన్న చిన్న బుడగలు పెద్దవవుతాయి.

న్యాయంగా ఒకటి చెప్పాలి. నైట్రాక్స్‌కి లెక్కలో మినహాయింపు దొరికే పద్ధతి ఒకటి ఉంది. అమెరికా నేవీ మాన్యువల్‌లో, చివరి డైవ్ తర్వాత ఒంట్లో నైట్రోజన్ ఎంత మిగిలిందో చెప్పే అక్షరాన్ని బట్టి, వెళ్లబోయే ఎత్తును బట్టి ఆగాల్సిన గంటల పట్టిక ఉంది. నైట్రాక్స్‌తో సమాన గాలి లోతు లెక్కగడితే ఆ అక్షరం తగ్గుతుంది, గంటలూ తగ్గుతాయి. కాకపోతే అది ప్రతి డైవ్‌నీ పట్టిక ప్రకారం, సూపర్‌వైజర్ చేతిలో గడియారంతో చేసేవాళ్ల పద్ధతి. కంప్యూటర్ చూసుకుంటూ పైకీ కిందికీ తిరిగే మన డైవ్‌లకి ఆ అక్షరం ఎక్కడ దొరుకుతుంది? పట్టికలోంచి మనకి నచ్చిన అంకె ఒక్కటే తెచ్చుకోవడం ప్రమాదం.

చేతి మీది కంప్యూటర్ చూపించే విమానం బొమ్మ సంగతీ అంతే. కొన్ని కంప్యూటర్లు ఏ డైవ్ చేసినా 24 గంటల నుంచి వెనక్కి లెక్కపెడతాయి. కొన్ని ఒంట్లో మిగిలిన నైట్రోజన్ లెక్కగట్టి చెబుతాయి. మీది ఏ రకమో మాన్యువల్ తెరిచి ఒకసారి చూసుకోండి. కంప్యూటర్ బొమ్మ తీసేసినా 18 గంటలు కాకపోతే ఆగండి. 18 గంటలు దాటినా బొమ్మ ఇంకా వెలుగుతుంటే అప్పుడూ ఆగండి. రెండింట్లో ఏది ఎక్కువైతే అదే మీ లెక్క.

లాభాన్ని ఒంట్లోనే ఉంచుకోవాలంటే ఒక మంచి అలవాటు ఉంది. నైట్రాక్స్ పీలుస్తూ కంప్యూటర్‌ని గాలి మీదే ఉంచి డైవ్ చేయడం. అప్పుడు బాటమ్ టైమ్ పెరగదు కానీ నైట్రోజన్ నిజంగా తక్కువ ఎక్కుతుంది. రోజుకి మూడు నాలుగు సార్లు దిగే ఇన్‌స్ట్రక్టర్లకి, నలభై దాటినవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే. ఒక్క జాగ్రత్త: గాలి మీద పెట్టిన కంప్యూటర్ ఆక్సిజన్ హద్దు గురించి హెచ్చరించదు. 32కి 1.4 బార్ లెక్కన 33 మీటర్లు, 36కి 28 మీటర్లు దాటకూడదన్నది మీరే గుర్తుపెట్టుకోవాలి. పొద్దున ట్యాంక్ తీసుకునేటప్పుడు వాల్వ్ కాస్త తెరిచి, అనలైజర్‌లో అంకె నిలబడేదాకా ఆగి, ట్యాంక్ మెడ దగ్గర టేప్ అంటించి దాని మీద శాతం, గరిష్ఠ లోతు, తేదీ, మీ పొడి అక్షరాలు రాస్తారు కదా. ఇంటికి వెళ్లే ముందు రోజైతే అదే పెన్నుతో మీ లాగ్‌బుక్‌లో ఇంకో వరస రాయండి: "నీళ్లలోంచి బయటికి ఎన్నింటికి, ఫ్లైట్ ఎన్నింటికి." గంటలు మొదలయ్యేది చివరి డైవ్ ముగించి పైకి తేలినప్పటి నుంచి. ఆఖరయ్యేది విమానం గాల్లోకి లేచినప్పుడు. ఎయిర్‌పోర్టులో క్యూలో నిలబడ్డ టైమూ, ఫెర్రీలో గడిచిన టైమూ ఆగిన గంటల్లోకే వస్తాయి. సముద్రమట్టం మీద ఉన్నంతసేపూ ఒంట్లోంచి నైట్రోజన్ పోతూనే ఉంటుంది.

సెలవు మీద వెళ్లేవాళ్లకి ప్లాన్ తేలికే, టికెట్ కొనేముందే చేసుకుంటే. శనివారం చేరారు, బుధవారం తిరుగు ప్రయాణం అనుకుందాం. ఆదివారం, సోమవారం హాయిగా డైవ్ చేయండి. జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ లాంటి లోతైన చోట్లుంటే ఈ రెండు రోజుల్లోనే పెట్టుకోండి. మంగళవారం పొద్దుటి బోటులో లోతు తక్కువున్న చోట దిగి, పన్నెండు లోపు బయటికి వచ్చేయండి. బుధవారం మధ్యాహ్నం ఫ్లైట్‌కి 24 గంటలు దాటేస్తుంది. మంగళవారం సాయంత్రం సెల్యులార్ జైలు చూడొచ్చు, అది చూడకుండా రావడం అన్యాయం కూడా. బుధవారం పొద్దుటి ఫ్లైట్ చవగ్గా దొరికిందంటే మంగళవారం డైవ్ మానుకోవడమే క్షేమం. ఆ చవక టికెట్ అసలు ధర డైవ్‌తో కలిపి చూసుకోండి. తొలిసారి పన్నెండు మీటర్ల లోపు ఒక్క డైవ్ సరదాగా చేసినవాళ్లకీ 12 గంటల నియమం ఉంది. "మేం డైవర్లం కాదు, ఊరికే ఫొటోల కోసం దిగాం" అన్నది నైట్రోజన్‌కి తెలీదు. స్నార్కెలింగ్‌కి మాత్రం ఈ బాధ లేదు.

కష్టమంతా డైవింగ్ ఉద్యోగం చేసేవాళ్లదే. రోస్టర్ మన చేతిలో ఉండదు.

"అన్నా, రేపు తొమ్మిదింటికి నా ఫ్లైట్. మధ్యాహ్నం బోటుకి నన్ను వేయకండి."

"ఇద్దరు గెస్టులేరా, నలభై నిమిషాలు. నైట్రాక్స్ ట్యాంక్ ఇస్తాలే."

ఇక్కడ బుడగల శాస్త్రం మొదలుపెడితే వాదన పెరుగుతుంది, చిన్నవాడిదే ఓటమి. "డైవ్ చేయను" అనే బదులు "ఈ పని చేస్తాను" అనండి. కంప్రెసర్ దగ్గర ట్యాంకులు నింపడం, కొత్తవాళ్లకి థియరీ క్లాసు, స్నార్కెలింగ్ బ్యాచ్‌ని తీసుకెళ్లడం, బోటు మీద పేర్లు రాసుకుని ఎక్కినవాళ్లనీ దిగినవాళ్లనీ లెక్కచూడటం, రెగ్యులేటర్లు కడిగి సర్వీసుకి సర్దడం, ఇవన్నీ ఎవరో ఒకరు చేయాల్సిన పనులే. సెలవు అడిగే రోజే "ఫలానా తేదీ విమానం, దాని ముందు రోజు నాకు పొడి పని" అని వాట్సాప్‌లో రాసి పంపండి. నోటిమాట సీజన్ రద్దీలో ఎవరికీ గుర్తుండదు, రాసింది ఉంటుంది. ఉద్యోగంలో చేరేటప్పుడే "విమాన ప్రయాణానికి ముందు డైవ్ లేని రోజు" సెలవులో కోస్తారా, పనిరోజుగా లెక్కిస్తారా అని అడగండి. అడగడానికి మొహమాటపడాల్సిన ప్రశ్న కాదది. యజమానులకూ ఒక మాట: ఆ రోజుని పనిరోజుగా లెక్కించండి. జీతం కోస్తే మీ కుర్రవాడు నిజం చెప్పడం మానేస్తాడు, మీకు తెలీకుండా 15 గంటలకే విమానం ఎక్కేస్తాడు.

సరదా డైవింగ్ నియమాలు ఆఫ్‌షోర్ పనికి సరిపోవు. కాకినాడ ఎదురుగా కేజీ బేసిన్‌లోనో, గల్ఫ్‌లోనో కమర్షియల్ డైవర్లుగా ఉన్నవాళ్లకి, హెలికాప్టర్‌లో ఒడ్డుకి వచ్చి అక్కణ్ణుంచి ఇంటి విమానం పట్టుకోవాలన్న తొందర ఉంటుంది. మీ రంగంలో డైవింగ్ మెడికల్ అడ్వైజరీ కమిటీ 7వ నంబరు పత్రం ఈ విషయం మీదే ఉంది. కంపెనీ మాన్యువల్, సూపర్‌వైజర్ మాట దాని ప్రకారమే ఉన్నాయో లేదో చూసుకోండి. హెలికాప్టర్‌లో పీడనం నిలిపే ఏర్పాటు ఉండదు, ఎగిరిన ఎత్తే మీ ఎత్తు.

విమానం లేకపోయినా ఎత్తు ఎత్తే. ఇది మనవాళ్లు తరచుగా మరిచిపోయేది. 2002 నాటి ఒప్పందం 2,000 నుంచి 8,000 అడుగుల ఎత్తు గురించి, అంటే 610 మీటర్ల నుంచి మొదలవుతుంది. పొద్దున రుషికొండ దగ్గర డైవ్ చేసి మధ్యాహ్నం కారులో అరకు బయల్దేరేవాళ్లు ఆ గీత దాటుతారు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, రైల్లో వెళ్తే శిమిలిగుడ స్టేషను దాదాపు 996 మీటర్లు. పుదుచ్చేరిలో శని, ఆదివారాలు డైవ్ చేసి రాత్రికి రాత్రే బెంగళూరు చేరేవాళ్లదీ అదే కథ. బెంగళూరు ఊరే 900 మీటర్ల పైన ఉంది. పుదుచ్చేరి నుంచి వస్తూ దర్శనం చేసుకుందామని తిరుమల కొండెక్కినా 610 దాటినట్టే. గోవా నుంచి హైదరాబాద్ రాత్రి బస్సు కనుమలెక్కి బెళగావి మీదుగానో హుబ్బళ్లి మీదుగానో వస్తుంది, రెండూ ఆ ఎత్తు దాటినవే. హైదరాబాద్ మాత్రం సుమారు 540 మీటర్లే. ఈ ఎత్తులు విమానం క్యాబిన్ అంత కాదు, ప్రమాదమూ అంత కాదు. అయినా డైవ్ మొదట, కొండ మర్నాడు అని పెట్టుకుంటే ఆలోచించాల్సిన పనే ఉండదు. కొండ మొదట, డైవ్ తర్వాత అయితే ఇంకా మంచిది.

ఇక అందరూ భయపడే ఫోన్. పొద్దున రెండు డైవ్‌లు చేసి వచ్చాక ఇంటి నుంచి కబురు వస్తుంది, నాన్నకి బాగోలేదు, వెంటనే రా. సాయంత్రానికి ఏదో ఒక విమానం దొరుకుతుంది కూడా. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లకి నియమం వల్లించడం నాకు ఇష్టం లేదు, కానీ చెప్పక తప్పదు. దారిలో మీరే పడిపోతే అక్కడ ఇద్దరు రోగులవుతారు. ముందు డైవ్ వైద్యం తెలిసిన డాక్టరుకి ఫోన్ చేసి మీ లోతులు, నిమిషాలు, ఏ గ్యాస్, ఎన్నింటికి పైకొచ్చారు అన్నీ చెప్పి సలహా అడగండి. 18 గంటలు దాటిన తర్వాతి మొదటి విమానానికి టికెట్ తీసుకోండి. ఈలోపు ఊళ్లో ఉన్న చిన్నాన్ననో స్నేహితుణ్ణో ఆసుపత్రికి పంపి, డాక్టరుతో మీరు ఫోన్లో మాట్లాడండి. డబ్బు సర్దండి. ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకుని గదిలో పీల్చి గంటలు తగ్గించుకుంటాననే ఆలోచన వద్దు, దానికి మనలాంటివాళ్లు వాడదగ్గ లెక్క లేదు. అమ్మానాన్నలు పెద్దవాళ్లై, మీరు దీవిలో పనిచేస్తుంటే, ఇలాంటి రోజు ఎవరు ముందు వెళ్లాలో ఇంట్లో ముందే అనుకుని ఉంచుకోవడం మంచిది.

బెండ్స్ లక్షణాలు కూడా తెలిసి ఉండాలి. భుజంలోనో మోచేతిలోనో మోకాల్లోనో లోపల్నుంచి సలిపే నొప్పి, చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం, నీరసం మితిమీరడం, చర్మం మీద ఊదారంగు మచ్చలు, తల తిరగడం, నడక తడబడటం, మూత్రం రాకపోవడం. డైవ్ తర్వాత ఇవి కనిపిస్తే విమానం సంగతి మరిచిపోయి వంద శాతం ఆక్సిజన్ పెట్టించుకుని ఆసుపత్రికి వెళ్లాలి. పోర్ట్‌బ్లెయిర్‌లో నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరిలో పీడన గది ఉంది. మామూలుగా చేసే చికిత్సలో 18 మీటర్ల లోతుకి సమానమైన పీడనంతో మొదలుపెట్టి, తర్వాత దాన్ని తగ్గిస్తూ, ఆక్సిజన్ పీల్పిస్తూ మొత్తం అయిదు గంటల దాకా ఉంచుతారు. ఆ తర్వాత విమానం ఎప్పుడన్నది డాక్టరే చెప్పాలి, రోజులు పట్టొచ్చు, ఒక్కోసారి వారాలు. మీ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్కూబా ఉందో లేదో వెళ్లేముందే చదువుకోండి, చాలా పాలసీల్లో ఉండదు.

కొందరికి విమానంలో ఏమీ అనిపించదు. శంషాబాద్‌లో దిగి ఇంటికి చేరాక భుజం లాగడం మొదలవుతుంది. బ్యాగు మోసినందుకే అనుకుని బామ్ రాసుకుంటారు, మర్నాడు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆయన ఎక్స్‌రే తీస్తాడు, ఎముక బాగుంటుంది, నొప్పి మాత్ర రాస్తాడు. సముద్రానికి ఇంత దూరంలో డైవింగ్ సంగతి ఆయనకి తట్టదు, తట్టకపోవడం ఆయన తప్పూ కాదు. డైవ్ తర్వాత రెండు మూడు రోజుల్లో ఒంట్లో ఏ తేడా వచ్చినా, డాక్టరు ఎదురుగా కూర్చోగానే మొదటి వాక్యంగా ఇది చెప్పండి: "నేను స్కూబా డైవింగ్ చేశాను, చివరిసారి ఫలానా రోజు ఇన్ని గంటలకి నీళ్లలోంచి వచ్చాను, ఇంత లోతు, నైట్రాక్స్ ఇంత శాతం, ఇన్ని గంటల తర్వాత విమానం ఎక్కాను." ఆ వెంటనే, దగ్గర్లో హైపర్‌బారిక్ ఆక్సిజన్ చాంబర్ ఎక్కడుందో, అక్కడ డైవింగ్ కేసులు చూస్తారో లేదో కనుక్కోమని అడగండి.